‘అల్లా’ అనే మాట ఒక్క మతానికే చెందుతుందా? మలేషియా నిషేధంపై చర్చ

మొదటి వ్యాఖ్య:
2008 మే నెలలో ఇండోనేషియా నుంచి తిరిగి వస్తున్న జిల్ ఐర్లండ్ అనే క్రైస్తవ మహిళ (మలేషియాలోని సారావాక్ రాష్ట్రానికి చెందినవారు) దగ్గర విమానాశ్రయ అధికారులు 8 సీడీలు స్వాధీనం చేసుకున్నారు. వాటి శీర్షికల్లో ‘అల్లా’ అనే మాట ఉండటమే వారి అభ్యంతరం. 1986లో హోం శాఖ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఈ మాటతో పాటు కాబా (మక్కాలోని పవిత్ర మందిరం), బైతుల్లా (దేవుని ఇల్లు), సొలాత్ (ప్రార్థన) అనే మాటలను కూడా క్రైస్తవ ప్రచురణల్లో వాడకూడదని ఉండేది. ఒక మనిషి తాను ప్రార్థించుకునే భాషలో దేవుణ్ణి పిలుచుకునే మాటను ప్రభుత్వం లాగేసుకోవడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

రెండవ వ్యాఖ్య:
మీ ఆవేదన అర్థమవుతోంది కానీ, ఆ దేశ రాజ్యాంగాన్ని కూడా చూడాలి. 3వ అధికరణం ఇస్లాంను సమాఖ్య మతంగా ప్రకటించింది. 11(4) అధికరణం ముస్లింలలో ఇతర మతాల ప్రచారాన్ని నియంత్రించే అధికారం రాష్ట్రాలకు ఇచ్చింది. మసీదులో వినే మాటే చర్చి పుస్తకంలోనూ కనిపిస్తే సామాన్యులు అయోమయంలో పడతారన్న భయం అక్కడ నిజంగానే ఉంది. ఆ మాట వాడుకునే హక్కు కోసం కాథలిక్ వారపత్రిక ‘హెరాల్డ్’ నడిపిన కేసులో 2013లో అప్పీలు కోర్టు కూడా ఆ మాట క్రైస్తవ విశ్వాసంలో అంతర్భాగం కాదని చెప్పింది.

మొదటి వ్యాఖ్యాత సమాధానం:
ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. అయితే 11(4) చెప్పేది మతప్రచారం గురించి. ఒక మహిళ తన ఇంట్లో వినడానికి తెచ్చుకున్న సీడీ ఎవరికి ప్రచారం? ఇక అంతర్భాగమా కాదా అన్నది న్యాయమూర్తులు తేల్చవలసిన విషయమే కాదు. 1629లో అచ్చయిన మత్తయి సువార్త మలయ్ అనువాదంలోనే ఆ మాట ఉంది. ఈజిప్టులో, లెబనాన్‌లో అరబ్బీ మాట్లాడే క్రైస్తవులు నేటికీ దేవుణ్ణి అలాగే పిలుస్తారు. మన భాషనే తీసుకోండి: ‘ఆదియందు దేవుడు భూమ్యాకాశములను సృజించెను’ అని తెలుగు బైబిలు మొదలవుతుంది. ఆ ‘దేవుడు’ అనే మాటను గుడిలో, చర్చిలో, దర్గా దగ్గర కూడా తెలుగువాళ్లు వాడుతూనే ఉన్నారు, ఎవరి విశ్వాసమూ దానివల్ల చెదిరిపోలేదు.

పైగా 2009 డిసెంబరు 31న హైకోర్టు హెరాల్డ్ పక్షాన తీర్పు చెప్పిన కొద్ది రోజులకే కౌలాలంపూర్‌లో చర్చిపై దాడి చేసి నిప్పు పెట్టారు. అలాంటప్పుడు ప్రభుత్వం కట్టడి చేయవలసింది నిప్పు పెట్టినవారిని గాని, ప్రార్థించేవారిని కాదు.

జిల్ ఐర్లండ్ కేసులో 2021 మార్చి 10న హైకోర్టు 1986 నాటి ఉత్తర్వు చెల్లదని తేల్చింది. 2023లో ప్రభుత్వం అప్పీలును ఉపసంహరించుకుంది. అయినా రాష్ట్రాల చట్టాలు అలాగే ఉన్నాయి. అలాంటి చట్టం కిందే సెలంగోర్ రాష్ట్రంలో 2014 జనవరిలో ఆ మాట ఉన్న 300కు పైగా బైబిళ్లను పట్టుకుపోయారు. మీరు చెప్పిన అయోమయానికి మందు మొదటినుంచీ ఉంది: ముఖచిత్రం మీద ‘క్రైస్తవ మతం కోసం’ అని ముద్రిస్తే ఆ మాటలు వాడుకోవచ్చని 1986లో మంత్రివర్గమే నిర్ణయించింది. ఆ నిర్ణయాన్ని పక్కనబెట్టి హోం శాఖ పూర్తి నిషేధానికి దిగింది.