కూజా మొక్క కొమ్మలు నల్లబడిపోతున్నాయి, ఎవరైనా చెప్పండి

రాయగడ మేడతోట:
పొద్దున్నుంచి వీడియోలు చూసి చూసి తల వాచిపోయింది. ఒకరు ఎండలో పెట్టమంటారు, ఒకరు నీడలో ఉంచమంటారు. మా కూజా మొక్కకి, అదేనండి పురుగుల్ని పట్టే పిచర్ ప్లాంట్‌కి, కొన్నప్పుడున్న కూజాలన్నీ మూత దగ్గర్నుంచి ఎండుకుంటూ పోయాయి. కొత్త ఆకులు వస్తున్నాయి గానీ, కొసన తీగ సాగి, చివర ఆవగింజంత బొడిపె కట్టి అక్కడే మాడిపోతోంది. పోనీ కొమ్మలైనా దక్కుతాయని కోసి పాతితే అవీ అడుగు నుంచి నల్లబడుతున్నాయి. రోజూ పీకి చూస్తున్నాను, ఒక్క వేరూ లేదు. అదే మేడ మీద మందారాలు, గులాబీలు బ్రహ్మాండంగా ఉన్నాయి. దీని పువ్వులకే ఏం రోగమో. అర్జెంట్.

జయపురం కుండీలు:
నీళ్లేం పోస్తున్నారు?

పర్లాకిమిడి మాస్టారు:
ముందు ఒక మాట. అవి పువ్వులు కావు. కూజా అంటే మార్పు చెందిన ఆకు. మనకి ఆకులా వెడల్పుగా కనిపించేది ఆకు అడుగుభాగం, కూజాయే అసలు పత్రదళం, మూత దాని కొస. పువ్వులు వేరే గెలలా వస్తాయి, మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. ఇంకోటి, మీది ఏ జాతి? మన దేశంలో సహజంగా పెరిగే నెపంథిస్, అంటే ఈ కూజా మొక్కల్లో జాతి, ఒక్కటే, ఖాసియానా. అది మేఘాలయ కొండల్లో ఉంటుంది. అంతరించిపోయే ప్రమాదంలో ఉంది కాబట్టి అంతర్జాతీయ వ్యాపారం మీద గట్టి ఆంక్షలున్నాయి. అడవి నుంచి పీకి తెచ్చినది ఎవరూ కొనకండి, దయచేసి.

రాయగడ మేడతోట:
మాస్టారూ, నేను నర్సరీలో కొన్నాను. నడుము సన్నగా, మూతి ఎర్రగా ఉండే రకం.

జయపురం కుండీలు:
వెంట్రాటా అయ్యుంటుంది. సంకరం, మొండి రకం. నీళ్లు?

బరంపురం పిన్ని:
ఇది పెడితే ఇంట్లో దోమలు పోతాయా అండీ?

గుణుపురం పచ్చతీగ:
పోవు పిన్నీ. చీమలు, ఈగలు పడతాయి. దోమల సంగతంటారా, కొన్ని రకాలు ఆ కూజా నీళ్లలోనే గుడ్లు పెడతాయి.

రాయగడ మేడతోట:
మామూలు నీళ్లేనండి, బోరువి. మేమందరం తాగేవే. మట్టిలోనూ లోపం లేదు, ఎర్రమట్టి, వర్మీకంపోస్టు, గుప్పెడు వేపపిండి. అందరూ వేసేదే కదా.

జయపురం కుండీలు:
దాన్ని చంపుతున్నది అదే.

రాయగడ మేడతోట:
ఎరువు వేస్తే చస్తుందా? ఏటండీ ఇది!

గుణుపురం పచ్చతీగ:
అన్నా, కోపం వద్దు. ఇది సారం లేని నేలలో బతికే మొక్క. నేలలో దొరకనిది పురుగుల నుంచి తీసుకుంటుంది కాబట్టే కూజాలు కడుతుంది. వర్మీకంపోస్టు, బోరునీళ్లలో ఉప్పు రెండూ కలిసి వేళ్లని కాలుస్తాయి. వెంటనే మట్టంతా కడిగేసి స్ఫాగ్నమ్ మాస్‌లో పెర్లైట్ (తేలికైన తెల్లటి గుల్లరాళ్లు) కలిపి పెట్టండి. మాస్ అంటే చెరువులో నాచు కాదు, ఎండబెట్టి అమ్ముతారు. కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) వాడితే మంచినీళ్లలో నానబెట్టి నాలుగైదుసార్లు పిండాలి, అందులో ఉప్పుంటుంది.

ఇక కొమ్మలు. రెండు మూడు కణుపులుండేలా కోసి, ఆకుల్ని సగానికి కత్తిరించండి. కింది కణుపు మాస్‌లో మునగాలి. మాస్ పిండితే చుక్క రాలేంత తడి చాలు, పళ్లెంలో నీళ్లు నిలవకూడదు. పైన పారదర్శకమైన కవరు బోర్లించి, వెలుతురుండి నేరుగా ఎండ తగలని చోట పెట్టండి. నెల, రెండు నెలలు పట్టొచ్చు. పక్క కణుపు దగ్గర చిగురు కనబడగానే వేరొచ్చిందనుకోకండి, చిగురే ముందు వస్తుంది చాలాసార్లు. రోజూ పీకారంటే పుట్టే వేరు కూడా తెగిపోతుంది.

బరంపురం పిన్ని:
ఆర్‌వో నీళ్లు పోస్తే సరి కదా. నేనైతే అన్నిటికీ అవే.

జయపురం కుండీలు:
ఇంటి ఆర్‌వోలో రుచి కోసం ఖనిజాలు మళ్లీ కలుపుతారు. మీటరు పెట్టి చూడండి. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల లెక్క, 50 లోపు మంచిది, 100 దాటితే వద్దు. వాననీళ్లు, ఏసీ నీళ్లు నిశ్చింతగా పోయొచ్చు.

బరంపురం పిన్ని:
ఏసీ నీళ్లా? ఆ మురికి?

జయపురం కుండీలు:
గాలిలో తేమే అది. బకెట్ శుభ్రంగా ఉంచండి.

పర్లాకిమిడి మాస్టారు:
అందరూ ఈ విదేశీ జాతుల వెంట పడతారు గానీ, మన తూర్పు కనుమల్లోనే డ్రోసెరా ఉంది, తడి నేలల్లో జిగురు వెంట్రుకలతో పురుగుల్ని పట్టేస్తుంది. అది ఎవరికీ కనబడదు.

గుణుపురం పచ్చతీగ:
మాస్టారూ, ముందు ఆయన మొక్క బతకనివ్వండి. అన్నా, పాత కూజాలు ఎండడం మామూలే, టెన్షన్ పడకండి, కొన్ని నెలలకి ఒక్కోటీ వాడిపోతుంది. బొడిపె మాడడం మాత్రం తేమ, వెలుతురు చాలక. మేడ మీద ఎండుగాలి తగలనివ్వకుండా షేడ్‌నెట్ కింద వేలాడదీయండి. వానలు మొదలైతే సగం కష్టం తీరుతుంది.

రాయగడ మేడతోట:
మాస్ ఆర్డర్ పెట్టాను. థాంక్స్ అండీ అందరికీ. ఇంతకీ మందారానికి పిండినల్లి పట్టింది, దానికేం కొట్టాలి?

జయపురం కుండీలు:
వేరే పోస్టు పెట్టండి.