హై అలర్ట్ అంటే పోలీసు డ్యూటీలో అసలు ఏం మారుతుంది?

కోఠి_కాంప్లెక్స్:
పంద్రాగస్టు దగ్గర పడగానే టీవీలో "హైదరాబాద్‌లో హై అలర్ట్" అని స్క్రోలింగ్ మొదలవుతుంది. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో విజిటర్ పాసులు ఆపేస్తారు, ఊళ్లో నాకాబందీలు పెరుగుతాయి. బ్రిటన్‌లో అయితే ఐదు మెట్లున్నాయి, ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నారో జనానికి చెప్తారు. మన దగ్గర అలాంటివి ఉన్నాయా? పైనుంచి అలర్ట్ వస్తే స్టేషన్ స్థాయిలో ఎవరేం చేస్తారు? కోఠిలో ఒక షాపింగ్ కాంప్లెక్స్ సెక్యూరిటీ చూస్తున్నాను, మా వైపు నుంచి మార్చాల్సినవి కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

బందోబస్తు_బుక్:
జనానికి ప్రకటించే మెట్లు మన దేశంలో లేవండి. హెచ్చరిక దిగే దారి ఇది: కేంద్ర నిఘా సంస్థ ఐబీ కింద పనిచేసే మల్టీ ఏజెన్సీ సెంటర్, రాష్ట్రాల్లో దాని శాఖలు, అక్కడి నుంచి రాష్ట్ర ఇంటెలిజెన్స్, తర్వాత కమిషనరేట్. కిందికి దిగేది నంబరు కాదు, "ఇన్‌పుట్", అంటే నిఘా సమాచారం. అందులో రెండు రకాలు. పండుగలకు, జాతీయ దినాలకు వచ్చే సాధారణ హెచ్చరిక ఒకటి. ఫలానా చోటు, ఫలానా పద్ధతి అని పేర్కొనేది రెండోది. టీవీ రెండింటినీ హై అలర్ట్ అనే అంటుంది, పని మాత్రం వేర్వేరుగా ఉంటుంది. ఎయిర్‌పోర్టు పాసుల సంగతి పౌర విమానయాన భద్రతా బ్యూరో ఆదేశం. అక్కడ కాపలా కేంద్ర బలగమైన సీఐఎస్‌ఎఫ్‌ది, సిటీ పోలీసులది కాదు.

బ్రిటన్ పద్ధతిలో మనం నేర్చుకోవాల్సింది మెట్ల పేర్లు కావు. ముప్పు ఎంత అనేది ఒక లెక్క, దానికి మనం ఎంత స్పందించాలి అనేది ఇంకో లెక్క అని వాళ్లు విడదీశారు. ముప్పు ఐదు మెట్లయితే ప్రభుత్వ భవనాల స్పందన మూడే స్థాయిలు. అమెరికా 2002లో ముప్పు స్థాయిలకు ఐదు రంగులు పెట్టింది. దేశం మొత్తానికి పసుపు కంటే కిందికి ఒక్కసారీ దిగలేదు, న్యూయార్క్ నగరమైతే దాని పై మెట్టయిన నారింజ దగ్గరే ఉండిపోయింది. ఎప్పుడూ ఒకే రంగు ఉంటే డ్యూటీలో ఉన్నవాడికి అది గోడకున్న రంగే. 2011లో దాన్ని తీసేసి, ప్రతి హెచ్చరికకూ గడువు తేదీ ఉండే పద్ధతి తెచ్చారు. నా దృష్టిలో ఆ గడువు తేదీయే అసలైన మార్పు.

ఎందుకంటే సిబ్బంది లెక్క అలాంటిది. ఒక పాయింట్‌లో (కాపలా చోట్లో) ఒక మనిషిని వారమంతా, పగలూ రాత్రీ నిలపాలంటే 168 గంటలు. ఎనిమిది గంటల షిఫ్టు, వారానికి ఒక ఆఫ్ అంటే మనిషికి 48 గంటలు. అంటే మూడున్నర మంది. సెలవులు, కోర్టు డ్యూటీ, ట్రైనింగ్ కలిపితే ఐదుగురికి దగ్గరవుతుంది. 40 కొత్త పాయింట్లు పెడితే 200 మంది. వీళ్లు ఆకాశం నుంచి ఊడిపడరు. క్రైమ్ టీమ్ నుంచో, పెట్రోలింగ్ నుంచో, ట్రాఫిక్ నుంచో తీయాలి. అందుకే అలర్ట్ రాగానే ఆఫ్‌లు రద్దు చేసి 12 గంటల షిఫ్టులకు వెళ్తారు. అప్పుడు పాయింట్‌కు ఇద్దరితో సరిపోతుంది. నాలుగైదు రోజులు బాగానే నడుస్తుంది. ఆ తర్వాత నాకా దగ్గర కార్లను ఆపుతుంటారు గానీ డిక్కీ తెరిపించరు. మనిషి అక్కడే ఉంటాడు, తనిఖీ ఉండదు.

కాబట్టి మంచి ప్లాన్‌లో ఈ సంగతులు ముందే రాసి ఉంటాయి: ఏ స్థాయికి ఏ పాయింట్లు తెరవాలి, ఒక్కో పాయింట్‌కు ఎంతమంది, వాళ్లు ఏ యూనిట్ నుంచి వస్తారు, ఏ పని తాత్కాలికంగా ఆగుతుంది, ఎన్ని గంటల తర్వాత సమీక్ష, తగ్గించే అధికారం ఎవరిది. చివరి దాని దగ్గరే ఎక్కువ ప్లాన్లు ఆగిపోతాయి. పెంచడానికి సెట్ కాన్ఫరెన్స్‌లో (వైర్‌లెస్ సెట్ మీద అధికారులు జరిపే సమావేశంలో) ఒక్క మాట చాలు. తగ్గిస్తే, రేపు ఏదైనా జరిగితే ఎవరు జవాబు చెప్పాలన్న భయం ఉంటుంది. ఆ నిర్ణయం ఒక హోదాకు రాతపూర్వకంగా అప్పగించకపోతే పాయింట్లు నెలల తరబడి అలాగే నిలిచిపోతాయి.

నాకా_నోట్స్:
పై మాటలన్నీ నిజం. తనిఖీ సంగతి కొంచెం కలుపుతాను.

గోల్కొండ కోటలో పంద్రాగస్టు వేడుక అనుకోండి. బాంబు స్క్వాడ్, జాగిలాలు కలిసి విధ్వంస నిరోధక తనిఖీ చేస్తాయి. తనిఖీ ముగిసిన క్షణం నుంచి ఆ స్థలానికి తాళమో, కాపలానో ఉండాలి. సౌండ్ సిస్టమ్ వాళ్లు, పూలవాళ్లు, క్యాటరింగ్ వాళ్లు ఆ తర్వాత ఏది లోపలికి తెచ్చినా మళ్లీ చూడాలి. ఎవరు, ఏం తెచ్చారు, ఎప్పుడు అని గేటు దగ్గర రిజిస్టర్ లేకపోతే పొద్దున చేసిన తనిఖీ అంతా వృథా.

పేలుడు పదార్థాల జాగిలం వాసన పట్టగానే మొరగదు, గీరదు, కూర్చుంటుంది. అలాగే శిక్షణ ఇస్తారు. ఎండలో అరగంట లోపే అలసిపోతుంది, ఆ తర్వాత వెతుకుతున్నట్టు కనిపిస్తుంది గానీ నమ్మకం తగ్గుతుంది. అందుకే పెద్ద స్థలానికి రెండు జాగిలాలను మార్చి మార్చి వాడాలి, నీళ్లూ నీడా ముందే ఏర్పాటు చేయాలి. ఆగస్టు ఉక్కపోతలో ఇది చిన్న విషయం కాదు.

డోర్ ఫ్రేమ్ మెటల్ డిటెక్టర్ కొనేవాళ్లు చాలామంది, దానికి మనుషుల్ని పెట్టేవాళ్లు తక్కువ. ఒక ఫ్రేమ్‌కు కనీసం ముగ్గురు కావాలి: క్యూ నడిపేవారు, చేతి డిటెక్టర్‌తో చూసేవారు, బ్యాగుల టేబుల్ దగ్గర ఒకరు. ఆడవాళ్లకు తెరచాటు, మహిళా సిబ్బంది వేరే. ఇనుప షట్టర్ పక్కన పెడితే ఊరికే మోగుతుంది. విసుగొచ్చి సెన్సిటివిటీ తగ్గిస్తారు, అప్పుడు దేనికీ మోగదు. ప్రతి షిఫ్టు మొదట్లో ఒకే లోహపు ముక్కను జేబులో, నడుము దగ్గర, చీలమండ దగ్గర పెట్టుకుని దాటి చూసి, ఫలితం పుస్తకంలో రాయాలి.

కోఠి_కాంప్లెక్స్:
చాలా థాంక్స్ అండి. సమీక్ష తేదీ మాట మా గార్డుల రోస్టర్‌కు కూడా పనికొస్తుంది. ఇంకో రెండు విషయాలు. ఎవరిదో తెలియని బ్యాగు కనిపిస్తే జనాన్ని ఎంత దూరం పంపాలి? కెమెరాల విషయంలో చట్టం ఏమంటుంది?

బందోబస్తు_బుక్:
బ్యాగు ముందు. ముట్టుకోకూడదు, కదపకూడదు, నీళ్లు పోయకూడదు, పైన ఏదీ కప్పకూడదు. దాని దగ్గర సెల్‌ఫోను, వాకీటాకీ వాడకూడదు, దూరం వెళ్లాక 112కు ఫోన్ చేయాలి. ఎక్కడుంది, ఎంత సైజు, ఏ రంగు, మొదట ఎవరు ఎన్నింటికి చూశారు అనే నాలుగు వివరాలు ఇస్తే వచ్చే స్క్వాడ్‌కు చాలా సమయం మిగులుతుంది. దూరం విషయంలో అమెరికా వాళ్ల పట్టిక బాగా వాడుకలో ఉంది. సూట్‌కేసు అంత వస్తువు నుంచి, భవనంలో ఉన్నవాళ్లకు కనీసం 150 అడుగులు, ఆరుబయట ఉన్నవాళ్లకు 1,850 అడుగులు. కోఠి సందుల్లో రెండో అంకె కుదరదు. కాబట్టి మలుపు తిరిగి గట్టి గోడ వెనక్కి పంపండి. అద్దాల ముందు, పార్కింగ్‌లో జనాన్ని పోగేయొద్దు.

ఇంకొకటి, మన ఊరే నేర్పింది. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో పేలుళ్లు జరిగాక దిల్‌సుఖ్‌నగర్‌లో పేలని బాంబు దొరికింది. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లోనే నిమిషాల తేడాతో రెండు పేలాయి. అందుకే జనాన్ని పంపే చోటును కూడా ఒక గార్డు ముందుగా వెళ్లి కళ్లతో వెతకాలి. ఆ చోటు ప్రతిసారీ ఒకటే కాకుండా రెండు మూడు పెట్టుకోండి.

నాకా_నోట్స్:
కెమెరాలకు 2013 నాటి ప్రజా భద్రత చట్టం ఉంది. ఒకేసారి 100 మంది గానీ, రోజుకు 500 మంది గానీ వచ్చే చోట కెమెరాలు తప్పనిసరి, రికార్డింగ్ 30 రోజులు ఉంచాలి. ఇక్కడే లెక్క తప్పుతుంది. కెమెరాకు 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్లు) పెట్టి నిరంతరం రికార్డు చేస్తే రోజుకు 21.6 జీబీ. ఎనిమిది కెమెరాలకు దాదాపు 173 జీబీ. షాపువాళ్లు సాధారణంగా వేయించే 2 టీబీ డిస్క్ పన్నెండో రోజుకే నిండి, పాతది చెరిగిపోతుంది. 30 రోజులకు 5.2 టీబీ కావాలి, అంటే 6 టీబీ డిస్క్ వేయండి.

డీవీఆర్ (కెమెరాల రికార్డింగ్ పెట్టె) గడియారాన్ని వారానికోసారి ఫోన్ టైముతో సరిచూడండి. పది షాపుల ఫుటేజీ వరుసగా పేర్చి ఒక మనిషి నడిచిన దారి పట్టాలంటే, ఒక్క షాపు టైము పది నిమిషాలు తేడా ఉన్నా గంటల పని పెరుగుతుంది. తేడా దొరికితే వెంటనే సరిచేసేయకుండా, ఎంత తేడా ఉందో, ఏ తేదీన సరిచేశారో ముందు రాసిపెట్టి అప్పుడు మార్చండి. పాత రికార్డింగ్‌కు ఆ రాత కావాలి.