మల్లెలా, మల్లెలా? ‘మనసున…’ పల్లవిలో ఒక్క అక్షరం

పాతపాట: ‘మల్లీశ్వరి’ (1951) పాట పల్లవి. నా నోట ఎప్పుడూ ‘మనసున మల్లెలు మాలలూగెనే’ అనే వస్తుంది. (రెండో పాదం ‘కన్నుల వెన్నెల డోలలూగెనే’.) పుస్తకాల్లో ‘మల్లెల’ అని ఉంటుంది. భానుమతి గారు పాడినది వింటే ఒకసారి ‘ల’, ఒకసారి ‘లు’ అనిపిస్తోంది. కృష్ణశాస్త్రి గారు ఏది రాసి ఉంటారు?

గణవిభజన: మాత్రలతో తేలే విషయం కాదిది. మనసున నాలుగు, మల్లెల నాలుగు, మాలలూగెనే ఎనిమిది. ‘మల్లెలు’ అన్నా అవే నాలుగు. కానీ రెండో పాదంలో ‘వెన్నెల’ ఉంది కదా! మల్లెల, వెన్నెల. ఆ చెవి కృష్ణశాస్త్రిది. ‘లు’ పెట్టి ఆ జోడును చెడగొట్టే మనిషా ఆయన?

అరసున్న: జోడు బాగానే ఉంది, అన్వయం సంగతి? మొదటి పాదంలో ఊగినవి మల్లెల మాలలు. రెండో పాదంలో ఊగింది ఏది? డోల అంటేనే ఉయ్యాల. ‘వెన్నెల ఉయ్యాలలు ఊగాయి’ అనాలా, ‘వెన్నెల ఉయ్యాలలూగింది’ అనాలా? నా లెక్కలో రెండోదే. ‘పాప ఉయ్యాల ఊగింది’ అంటే ఊగింది పాప. అలా చూస్తే మొదటి పాదం కూడా ‘మల్లెలు మాలలై ఊగెనే’ అన్న భావంలోకి వస్తుంది. పాతపాట గారి నోరు ఊరికే తిరగలేదు.

గణవిభజన: ‘మాలలై’లోని ‘ఐ’ని మీరు ఎక్కడినుంచి తెచ్చారు?

అరసున్న: కవి మింగిన చోటినుంచి.

నిఘంటువు పురుగు: క్రియను చూసి తేల్చలేమని కూడా గమనించండి. నేటి భాషలో అయితే ఊగింది, ఊగాయి అని ఏకవచన బహువచనాలు తెలిసిపోయేవి. ‘ఊగెను’ అమహత్తులో, అంటే పూలలాంటి వస్తువుల విషయంలో, రెండింటికీ చెల్లుతుంది. అన్నట్టు ‘వెన్నెల’కు ప్రథమ, షష్ఠి ఒకే రూపం. కాబట్టి వెన్నెల డోలలు అనుకోండి, వెన్నెల డోలలూగెను అనుకోండి, ఎవరూ కాదనలేరు. ఇబ్బందంతా మల్లెల దగ్గరే.

చూరునీళ్లు: మీరంతా వ్యాకరణం పట్టుకుని పాడిన మనిషిని వదిలేశారు. ఆ గొంతు ఎవరిది? దొడ్డవరంలో తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య గారి దగ్గర సంగీతం నేర్చుకుని, 1939లో ‘వరవిక్రయం’లో కాళిందిగా తెరమీదికి వచ్చిన పిల్లది. తన పాత్రకు తానే పాడుకునే తారలు తగ్గిపోతున్న రోజుల్లో కూడా ఆవిడ తన పాట వేరేవాళ్లకు ఇవ్వలేదు. ‘చండీరాణి’ని (1953) మూడు భాషల్లో తానే డైరెక్టు చేసింది. ‘అత్తగారి కథలు’ రాసి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి కూడా తెచ్చుకుంది. అలాంటి మనిషి విభక్తి మింగి పాడుతుందా? ఏది వినిపిస్తే అదే రాసి ఉంది.

గణవిభజన: ఏది వినిపిస్తోందన్నదే కదా ప్రశ్న! రచయిత్రి అయినంత మాత్రాన రాగం లాగేటప్పుడు అచ్చు రంగు మారదా?

మాత్రాబద్ధం: మారుతుంది, దానికి కారణం ఉంది. ‘మల్లెల’ తరువాత వచ్చేది ‘మా’. ఓష్ఠ్యం. పెదవులు మూసుకోబోతూ ముందున్న ‘ల’ను కాస్త ‘లు’ వైపు లాగుతాయి. ‘వెన్నెల’ తరువాత ‘డో’ ఉంది, అక్కడ ఆ బెడద లేదు. అందుకే రెండో పాదంలో ఎవరికీ అనుమానం రాలేదు. మెల్లగా పలికి చూడండి.

అరసున్న: పలికాను. నాకు ‘లు’ అనే వచ్చింది.

నిఘంటువు పురుగు: నాకు ‘డోల’ మీదే మనసు. మనసు డోలాయమానంగా ఉంది అంటాం కదా. సినిమాలో, అంతఃపురంలో చిక్కుకున్న కథానాయిక మల్లి తన ప్రియుడు నాగరాజును రహస్యంగా కలుసుకున్న రాత్రి అది. పైకి హాయి, లోపల పట్టుబడతామన్న భయం. ఉయ్యాల అనకుండా డోల అనడంలో ఆ ఊగిసలాట ఉంది.

గణవిభజన: అనుమానం ఊగవలసింది మనసులో. డోల ఉన్నది కన్నుల దగ్గర. మనసులో శుభ్రంగా మల్లెలే ఉన్నాయి. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’కు చలం రాసిన ముందుమాట ‘యోగ్యతాపత్రం’లో కృష్ణశాస్త్రి బాధ గురించి అన్న ఆ వాక్యం ఎవరైనా ఎత్తబోతుంటే దయచేసి ఆగండి. కృష్ణశాస్త్రి పేరు వచ్చిన ప్రతిచోటా బాధ వెతకడం మనకు అలవాటైపోయింది. ఆయన విషాద కవితల ‘కృష్ణపక్షం’ చదివిన కళ్లతో ఈ పాట చదవకూడదు. సినిమాకు ఆయన రాసిన తొలి పాటలివి, ఇక్కడ ఆయన పండుగ చేసుకుంటున్నాడు.

చూరునీళ్లు: ఆ భయం, హాయి కలిపి పలికించడమే భానుమతి గొప్ప. ‘స్వర్గసీమ’ (1945) సుజాత ‘ఓహో పావురమా’ అంటూ కవ్వించిన గొంతు, ఆరేళ్లకు మల్లిగా ఎంత ఒదిగిపోయిందో చూడండి. ‘మిస్సమ్మ’ కొన్ని రీళ్లు తీశాక నిర్మాతతో పడక బయటికి వచ్చేసింది, ఆ పాత్ర సావిత్రికి దక్కింది. పొగరు అన్నవాళ్లున్నారు. నేను అనను. పొగరుకు ఈ మార్దవం రాదు. ఈ తరానికి ఆమె ‘మంగమ్మగారి మనవడు’ (1984) సినిమాలోని మంగమ్మగారు మాత్రమే, అదే నా బాధ.

మాత్రాబద్ధం: పావురం అన్నారు కాబట్టి ఒక మాట. తెలంగాణలో పాయిరం అంటే ప్రేమ. ‘ఓహో పావురమా’ అంటే ‘ఓహో ప్రేమా’ అని కూడా!

గణవిభజన: ఆ పాట రాసేటప్పుడు ఎవరి చెవిలో ఆ అర్థం పడి ఉంటుంది? వినేవాడి ఆనందాన్ని రాసినవాడి ఖాతాలో వేయకండి.

పాతపాట: అయ్యా, ‘ల’నా, ‘లు’నా?

అరసున్న: ఇంకో ఆధారం. కథానాయిక పేరు మల్లి. ‘మల్లెల’ అంటే వట్టి పూలు. ‘మల్లెలు’ కర్తగా నిలబడితే ఊగుతున్నది మల్లే అవుతుంది.

గణవిభజన: మల్లి ఒక్కతే. మల్లెలు బహువచనం. ఎంతమంది మల్లులు ఊగారండీ?

నిఘంటువు పురుగు: పేరు ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. మల్లి, ఈశ్వరి కలిస్తే సవర్ణదీర్ఘం, మల్లీశ్వరి. మరి సగం మంది ‘మల్లేశ్వరి’ అని గుణసంధి ఎందుకు చేస్తారు?

మాత్రాబద్ధం: మల్లేశ్వరుడి ప్రభావం. బెజవాడ కొండమీద ఆయన గుడే ఉంది కదా.

గణవిభజన: అది వేరే చర్చగా పెట్టండి. అక్కడికి వస్తాను.