లాభం ముందా, సీఎస్ఆర్ ముందా? రిగ్రెషన్‌లో ఇరుక్కున్నాను

ప్రశ్న:
ఎంబీఏ ప్రాజెక్ట్ చేస్తున్నాను. 60 కంపెనీలు, 5 ఏళ్ల డేటా. సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) స్కోరుకీ, ఆస్తుల మీద రాబడికీ (ఆర్‌ఓఏ) సంబంధం ఉందా అనేది చూడాలి. ఆ రెండిటితోనే రిగ్రెషన్ (ఒకటి మారితే రెండోది ఎంత మారుతుందో చూసే లెక్క) వేస్తే పాజిటివ్, పక్కన మూడు స్టార్లు (సంబంధం కాకతాళీయం కాకపోవచ్చనే గుర్తు). సంబరపడి ఆ అధ్యాయం రాసేశాను కూడా. మా గైడ్ చూసి "కంపెనీ సైజు, ఆర్ అండ్ డీ (పరిశోధన, అభివృద్ధి) ఖర్చు కలిపి మళ్లీ వెయ్యి" అన్నారు. వేశాను. ఒక్క స్టారూ మిగల్లేదు. ఎక్కడ తప్పు చేశాను? వైవా దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
తప్పేం లేదండీ. 2000లో మెక్‌విలియమ్స్, సీగెల్ అనే పరిశోధకులు చూపించింది ఇదే. పరిశోధన మీద బాగా ఖర్చుపెట్టే కంపెనీలు సీఎస్ఆర్‌లోనూ ముందుంటాయి. ఆర్ అండ్ డీని వదిలేస్తే దాని ఫలితం సీఎస్ఆర్ ఖాతాలో పడుతుంది. అలాగని అసలు సంబంధమే లేదని రాసేయకండి. 2003లో ఆర్లిట్జ్‌కీ, ష్మిట్, రైన్స్ 52 అధ్యయనాలు కలిపి చూస్తే మొత్తమ్మీద పాజిటివే వచ్చింది. అదీ షేరు ధరతో కన్నా ఖాతా లెక్కలతో కొలిచినప్పుడు ఎక్కువ. ఇంతకీ ఆర్ అండ్ డీ కాలమ్‌లో ఖాళీలు ఉంటే ఏం చేశారు? సున్నా పెట్టేశారా?

జవాబు 2:
నేను 11 ఏళ్లు ఒక కంపెనీ ఫైనాన్స్‌లో పనిచేశాను. బడ్జెట్ షీట్‌లో సీఎస్ఆర్ అన్నిటికన్నా కింది వరుస. మూడో క్వార్టర్ అంకెలు వచ్చేదాకా అందులో "చూద్దాం" అని ఉండేది, నిజంగా ఆ మాటే. లాభం బాగుంటే అంకె పడేది. ఒక ఏడాది అమ్మకాలు పడిపోతే, నడుస్తున్న కార్యక్రమాన్ని రెండు లైన్ల మెయిల్‌తో ఆపేశారు. మరుసటి ఏడాది అదే కార్యక్రమం వార్షిక నివేదికలో రెండు పేజీల ఫొటోలతో మళ్లీ ప్రత్యక్షం! అందుకే స్కోరు వల్ల లాభం వచ్చిందంటే నాకు నవ్వొస్తుంది. వాడాక్, గ్రేవ్స్ 1997లోనే రెండు దిక్కులా సంబంధం ఉందన్నారు, మీరూ రెండు వైపులా చూడండి.

ఇంకో మాట. మాకు నిజంగా డబ్బు మిగిల్చిన పని ఆ వరుసలో లేదు. బాయిలర్ నుంచి వృథాగా పోయే వేడినీటిని మెయింటెనెన్స్ వాళ్లు తిరిగి బాయిలర్‌కే మళ్లించారు. ఇంధనం బిల్లు తగ్గింది, కాలవలోకి పోయే నీళ్లూ తగ్గాయి. దానికి ఫొటో లేదు. ఆ వ్యాపారానికి ముఖ్యమైన అంశాల్లో మెరుగ్గా ఉన్న కంపెనీలే షేర్ల రాబడిలో ముందున్నాయని ఖాన్, సెరాఫీమ్, యూన్ 2016లో తేల్చారు. మిగతా అంశాల్లో మార్కులకు ఆ ఫలితం కనబడలేదు. మీ స్కోరు ఈ రెండిటినీ కలిపేసి ఉంటుంది, విడదీయగలరేమో చూడండి.

జవాబు 3:
వ్యాపారానికున్న సామాజిక బాధ్యత రూల్స్‌కు లోబడి లాభం పెంచుకోవడమేనని ఆర్థికవేత్త ఫ్రీడ్‌మన్ 1970లోనే అన్నాడు. ఆ బాయిలర్ కథ వింటే ఆయన కూడా చప్పట్లు కొట్టేవాడు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్స్. నిన్న రాత్రి ఒక ఏడాది లాగ్ పెట్టి (ఒకదాని నిరుటి అంకెను రెండోదాని ఈ ఏటి అంకెతో పోల్చి), 240 వరుసలతో రెండు వైపులా వేశాను. నిరుటి లాభంతో ఈ ఏటి స్కోరుకు స్టార్లు వచ్చాయి, తిరగేస్తే రాలేదు. ఖాళీల సంగతి మీరు పట్టేశారు సార్, ఆర్ అండ్ డీ చెప్పని 14 కంపెనీలకు సున్నాలే పెట్టాను. వాటిని తీసేసి మళ్లీ వేస్తున్నా.