ఇంటిపని లెక్కలు మా సంఘంలో ఎలా చెప్పాలి?

అందరికీ నమస్తే. వచ్చే వారం మా ఊరి డ్వాక్రా సంఘం మీటింగులో ఇంటిపని గురించి నేను మాట్లాడాలి, అందుకని కేంద్ర గణాంక శాఖ వాళ్ళ 2019 టైమ్ యూజ్ సర్వే తీసి చూస్తున్నాను. జీతం లేని ఇంటిపనికి రోజుకి ఆడవాళ్ళు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారని ఉంది. మగవాళ్ళు గంటన్నర పైనే చేస్తున్నారా అనుకున్నా. తీరా చూస్తే అది ఆ రోజు పని చేసినవాళ్ళ సగటు మాత్రమే, అసలు చేసిన మగవాళ్ళే నూటికి 26 మంది (ఆడవాళ్ళు 81 మంది). చేయనివాళ్ళని కూడా కలిపితే మగవాళ్ళకి 25 నిమిషాలు, ఆడవాళ్ళకి 243. ఎంత తేడా! మా అమ్మ పొద్దున్నే లేచి పడే కష్టం ఇన్నాళ్ళకి ఒక అంకెగా కనిపించింది.

నాకు కావలసిన సాయం ఇది: పెద్దగా చదువుకోని అక్కలకి ఈ రెండు సగటుల తేడా ఎలా చెప్పాలి? చిక్కుడు గింజలు కుప్పలు పోసి చూపిస్తే అర్థమవుతుందా? 2024 సర్వేలో ఇంటిపని చేసినవాళ్ళ సగటు ఆడవాళ్ళకి 289, మగవాళ్ళకి 88 నిమిషాలు అని వచ్చింది, రెండూ తగ్గాయి కాబట్టి మార్పు వచ్చిందని చెప్పొచ్చా, తప్పవుతుందా? ఇలాంటివి మీటింగుల్లో చెప్పినవాళ్ళు ఉంటే చెప్పండి.