అనువాదంలో ‘కలర్డ్’ అనే మాటకి తెలుగులో ఏం వాడాలి?

అమెరికన్ కవయిత్రి రాబిన్ కోస్ట్ లూయిస్ 2015 సంపుటి ‘వాయేజ్ ఆఫ్ ద సేబుల్ వీనస్’లోని పెద్ద కవితను తెలుగు చేస్తూ మూడు వారాలుగా ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. క్రీ.పూ. 38,000 నుంచి నేటిదాకా పాశ్చాత్య కళలో నల్లజాతి స్త్రీ కనిపించే వస్తువుల పేర్లు, కేటలాగ్ వివరాలే ఆ కవితలో పంక్తులు. మ్యూజియంలు తర్వాత ‘ఆఫ్రికన్ అమెరికన్’ అని మర్యాదగా మార్చిన చోట ఆవిడ పాత ‘స్లేవ్’, ‘కలర్డ్’, ‘నీగ్రో’లను మళ్లీ పెట్టింది. అసలు దెబ్బంతా అక్కడే ఉంది.

‘బానిస’, ‘నీగ్రో’ సరిపోయాయి. ‘కలర్డ్’కి ‘వర్ణ స్త్రీ’ అని రాస్తే మనవాళ్లకి చాతుర్వర్ణం గుర్తొస్తోంది. ‘రంగు స్త్రీ’ అంటే ఫ్రెండ్ హోలీనా అని నవ్వాడు. ‘నల్ల’ అంటే ‘బ్లాక్’కీ దీనికీ తేడా పోతోంది. ‘కలర్డ్’ అనే ఉంచితే పాతకాలపు అవమానం వినపడట్లేదు. కవితలో పేర్లు తప్ప ఇంకేమీ లేవు కాబట్టి ఫుట్‌నోట్ పెట్టడం నాకిష్టం లేదు.

ఆ కాలపు చిన్నచూపు పలికేలా, కులం వాసన రాకుండా, ‘కలర్డ్’కి మీరైతే ఏ తెలుగు మాట వాడతారు?