ఓసీఎస్పీ ప్రొఫైల్ ఎడిట్ చేస్తున్నా, "గుడ్" తీసేసి "వ్యాలిడ్" అని పెట్టొచ్చా?

గోదారి_గట్టు:

అందరికీ నమస్కారం అండి. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి. నేను మామూలు బ్యాకెండ్ డెవలపర్‌ని. పది పన్నెండు సంస్థలు కలిసి నడుపుకునే ప్రైవేట్ పీకేఐ (డిజిటల్ సర్టిఫికెట్లు జారీ చేసి, అవసరమైతే రద్దు చేసే ఏర్పాటు) ఒకటి ఉంది (పేర్లు వద్దులెండి), దానికో ఓసీఎస్పీ ప్రొఫైల్ డాక్యుమెంట్ ఉంది, అంటే ఫలానా సర్టిఫికెట్ రివోక్ (రద్దు) అయిందా లేదా అని ఆన్‌లైన్‌లో అడిగితే సర్వర్ ఏం చెప్పాలి, అడిగినవాడు దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి అన్నది. ఒక కాల్‌లో "ఆర్ఎఫ్‌సీ 6960 మొత్తం చదివినవాళ్ళు ఎవరైనా ఉన్నారా" (ఆర్ఎఫ్‌సీ అంటే ఇంటర్నెట్ స్టాండర్డ్‌లు రాసే డాక్యుమెంట్, 6960 ఓసీఎస్పీది) అంటే నేను ఆవేశపడి అన్‌మ్యూట్ చేశా, అంతే, ఎడిటర్ పని నా నెత్తిన పడింది.

ఇప్పుడున్న డాక్యుమెంట్ 1999 నాటి ఆర్ఎఫ్‌సీ 2560 చూసి రాసింది. 2013 జూన్‌లో దాని స్థానంలో 6960 వచ్చేసింది కదా, దానికి తగ్గట్టు మార్చి ఇమ్మన్నారు. ఎలాగూ ముట్టుకుంటున్నాం కాబట్టి భాష కూడా కాస్త శుభ్రం చేద్దామని నా ఆశ. నాకు పంటి కింద రాయిలా తగిలేది ఆ "గుడ్" అనే మాట. స్టేటస్‌లు మూడే, గుడ్, రివోక్డ్, అన్‌నోన్. గుడ్ ఏంటండీ, కాఫీ బాగుందన్నట్టు? "వ్యాలిడ్" అంటే చదివేవాడికి హాయిగా ఉంటుంది కదా అని 37 చోట్ల మార్చేశా. రివ్యూకి పంపితే ఒకాయన ఒకే ముక్క రాశారు, "రివర్ట్ చెయ్యండి". కారణం లేదు, ఏం లేదు.

ఇంకోటి. నాన్స్ (అడిగేవాడు ప్రతిసారీ పంపే కొత్త నంబరు) గురించి పాత దాంట్లో "షుడ్" (చేస్తే మంచిది) అని ఉంది, రీప్లే గొడవ (పాత జవాబునే ఎవరో మళ్ళీ పంపడం) వదిలిపోవాలంటే "మస్ట్" (చేయాల్సిందే) చేసేస్తే పోద్ది కదా? అసలు ఈ మస్ట్‌లు కూడా కొన్ని పెద్దక్షరాల్లో కొన్ని చిన్నక్షరాల్లో ఉన్నాయి, అన్నీ ఒకేలా చేసేయనా? (మన లిపిలో పెద్దక్షరం చిన్నక్షరం ఎలా చూపించాలో తెలియట్లేదు, మీరే ఊహించుకోండి.)

---

పాత_సీరియల్:

ఆ రివర్ట్ అన్నాయన ఎవరో గానీ నీ మేలు కోరేవాడే తమ్ముడూ, కాకపోతే నాలుగు ముక్కలు ఎక్కువ రాయాల్సింది.

ముందు రిక్వెస్ట్‌లో ఏం పోతుందో చూడు. సర్టిఫికెట్ పోదు. సర్ట్‌ఐడీ అని ఒకటి పోతుంది, అందులో ఏ హ్యాష్ (డేటాని కుదించి తీసే చిన్న గుర్తు) వాడామో దాని పేరు, ఇష్యూయర్ (జారీ చేసినవాడి) పేరు హ్యాష్, ఇష్యూయర్ కీ హ్యాష్, సీరియల్ నంబరు, అంతే. రేషన్ షాపుకెళ్ళి 4512 నంబరు కార్డు రద్దయిందా అని అడిగినట్టు అన్నమాట. డీలర్ రద్దు లిస్టు తిరగేసి అందులో లేదు అంటాడు. ఆ నంబరుతో కార్డు అసలు ఎప్పుడైనా ఇచ్చారా, నీ జేబులో ఉన్నది అసలుదా జిరాక్సా, దాని గడువు ఉందా, ఇవేవీ అతను చూళ్ళేదు, నువ్వు చూపించనూ లేదు. ఆయన చెప్పిన "లేదు"ని నువ్వు "కార్డు చెల్లుతుంది" అని రాసుకుంటున్నావ్. వ్యాలిడ్ అంటే చైన్ (దాన్ని ఎవరు జారీ చేశారు, వాళ్ళకి ఎవరిచ్చారు అన్న గొలుసు) చూడాలి, తేదీలు చూడాలి, పేరు చూడాలి, కీ దేనికి వాడొచ్చో చూడాలి, అవన్నీ క్లయింట్ (అడిగేవాడి ప్రోగ్రామ్) పని. "గుడ్" అనేది చెడ్డ పేరే, నేనూ ఒప్పుకుంటా, కానీ అది చెడ్డగా ఉండటమే కాస్త నయం, ఎందుకంటే చదివినవాడు ఇదేంట్రా అని ఆగి డెఫినిషన్ చూస్తాడు. వ్యాలిడ్ అని ఉంటే ఎవడూ ఆగడు.

ఇప్పుడు 2560, 6960 రెండూ పక్కపక్కన పెట్టి సెక్షన్ 2.2 చదువు. పాతదాంట్లో గుడ్ అంటే కనీసం "ఆ సర్టిఫికెట్ రివోక్ కాలేదు" అని, అయితే అది అసలు జారీ అయిందని చెప్పినట్టు కాదు అని ఉంటుంది. కొత్తదాంట్లో "ఆ సీరియల్ నంబరు ఉండి, ప్రస్తుతం గడువులో ఉన్న సర్టిఫికెట్ ఏదీ రివోక్ కాలేదు" అనే అర్థం వచ్చేలా తిరగరాశారు. చూడ్డానికి చాదస్తంలా ఉంటుంది. కానీ "ఆ సర్టిఫికెట్" అన్నావంటే అది ఉందని ముందే ఒప్పేసుకున్నట్టు. లేనిదాని గురించి కూడా నిజంగా నిలబడే వాక్యం కావాలంటే "ఏదీ లేదు" అనే రాయాలి. ఇలాంటి వంకర వాక్యాన్ని సాఫుగా దిద్దబోయే ముందు ఎందుకు వంకరగా ఉందో కనుక్కో.

ఎందుకుందో కూడా చెప్తా. 2011లో నెదర్లాండ్స్‌లో డిజినోటార్ అనే సీఏ (సర్టిఫికెట్లు జారీ చేసే సంస్థ) సిస్టమ్స్‌లోకి ఎవరో దూరి 500 పైన దొంగ సర్టిఫికెట్లు తీశారు, అందులో గూగుల్ పేరు మీద ఒకటి. దాన్ని ఇరాన్ జనం మీద వాడారు, డిజినోటార్ రెస్పాండర్‌కి (ఓసీఎస్పీ జవాబులిచ్చే సర్వర్) ఆ ఒక్క సర్టిఫికెట్ గురించి వచ్చిన రిక్వెస్ట్‌లు చూస్తే దాదాపు 3 లక్షల ఐపీ అడ్రస్‌లు. తమాషా ఏంటంటే కొన్ని దొంగ సీరియల్స్‌కి వాళ్ళ దగ్గర రికార్డే లేదు. రికార్డు లేనిదాన్ని రివోక్ ఎట్లా చేస్తారు? రెస్పాండర్ మాత్రం రద్దు లిస్టులో లేదు కాబట్టి గుడ్ అంటూ పోయింది, స్టాండర్డ్ ప్రకారం తప్పూ కాదు. తర్వాత తిప్పి పెట్టుకున్నారు, మేం ఇచ్చిన లిస్టులో ఉంటేనే గుడ్ అని.

అందుకే 6960లో, జారీ చేయని సీరియల్ అడిగితే కూడా రివోక్డ్ అని చెప్పొచ్చు అని వెసులుబాటు పెట్టారు. అప్పుడు కారణం సర్టిఫికెట్‌హోల్డ్ అని, రివోక్ అయిన తేదీ 1970 జనవరి 1 అని, ఎక్స్‌టెండెడ్ రివోక్డ్ అనే ఎక్స్‌టెన్షన్ (జవాబులో అదనపు ఫీల్డ్) ఒకటి జతచేసి పంపాలి. నీ ప్రొఫైల్‌లో తేల్చాల్సింది ఇదీ, మీ రెస్పాండర్లు తెలియని సీరియల్‌కి ఏం చెప్పాలి. పేరు మార్చడం కాదు.

---

నైట్‌షిఫ్ట్_ఆప్స్:

అన్నా, నాన్స్‌ని మస్ట్ చేస్తా అన్నవ్ కదా, దండం పెడ్తా, ముందు మీ ఆప్స్ టీమ్‌ని (సర్వర్లు నడిపేటోళ్ళు) అడుగు.

మా దగ్గర గిదే అయింది. ఏ కంపెనీనో చెప్పను. లోపల వాడే ప్రొఫైల్‌ల ఒక్క లైన్, షుడ్ ఉన్న కాడ మస్ట్ చేసిండ్రు, రివ్యూ రెండు నిమిషాలల్ల అయిపోయింది, ఒక్క మాటే కదా అని. అప్పటిదాక మేం రాత్రి ఒక్కసారి అన్ని సర్టిఫికెట్లకు రెస్పాన్స్‌లు సైన్ చేసి క్యాష్‌ల పెట్టేటోళ్ళం, పొద్దంత హెచ్‌ఎస్‌ఎమ్‌కు (కీ దాచిపెట్టి సంతకాలు చేసే మిషన్) పనే ఉండకపోయేది. నాన్స్ అంటే అడిగినోడు పంపిన నంబరు జవాబుల తిరిగి రావాలె, దాని మీద సంతకం ఉండాలె, అంటే ముందే చేసి పెట్టుకున్న రెస్పాన్స్ ఒక్కటి గూడ పనికిరాదు, ప్రతి రిక్వెస్ట్‌కు కొత్త సంతకం. సోమవారం పొద్దుగాల తొమ్మిదిన్నరకు అందరు లాగిన్ అయితున్నరు, హెచ్‌ఎస్‌ఎమ్ క్యూ నిండిపోయింది, క్లయింట్లకు టైమౌట్. ఇగ మన క్లయింట్లు ఏం చేస్తయి, జవాబు రాకపోతే సరేతీ పో అని లోపలికి వదులుతయి కదా. శుక్రవారం రివోక్ చేసిన టోకెన్‌తోని ఒకాయన సోమవారం మంచిగ లాగిన్ అయిండు, లాగ్‌ల నా కండ్లతోని చూసిన. సెక్యూరిటీ పెంచుదామని మార్చిన మాట తోని ఉన్న సెక్యూరిటీ పోయింది.

పెద్ద ట్రాఫిక్ ఉన్నోళ్ళ కోసమే 2007ల 5019 రాసిండ్రు, అది సదువు. అండ్ల నెక్స్ట్‌అప్‌డేట్ (మల్ల కొత్త సమాచారం ఎప్పటికల్ల వస్తదో చెప్పే టైమ్) తప్పనిసరి, జవాబు పాతదా కొత్తదా అన్నది టైమ్ చూసి తేల్చుకుంటరు. నాన్స్ నిజంగ కావాలంటే ఎవరికి కావాల్నో వాళ్ళకే పెట్టు, అందరి నెత్తిన రుద్దకు.

ఇంకో మాట, నాన్స్ పొడుగు ఎంతో 6960ల రాయనే లేదు. ఎవడన్న మస్తు పెద్దది పంపితే? అందుకే 2020ల 8954 వచ్చి 1 నుంచి 32 ఆక్టెట్లు (బైట్లు) అన్నది, మల్ల 2024ల 9654 వచ్చి దాన్ని 128 దాక పెంచి, బైట్లు ఎట్ల ఉండాల్నో ఉదాహరణలు గూడ ఇచ్చింది. ఒక్క లైన్ కోసం రెండు ఆర్ఎఫ్‌సీలు అన్నా. నువ్వు 6960 ఒక్కటే సదివి ఎడిటర్ అయితే సరిపోదు.

---

సీఆర్ఎల్_చాలు:

అసలు ఎందుకండీ ఈ శవానికి సింగారం? క్రోమ్ 2012లోనే మామూలు ఓసీఎస్పీ చెకింగ్ ఆపేసింది. సీఏ బ్రౌజర్ ఫోరమ్ (సీఏలూ బ్రౌజర్ కంపెనీలూ కలిసి రూల్స్ పెట్టుకునే చోటు) ఓసీఎస్పీని ఆప్షనల్ చేసి సీఆర్ఎల్‌ని (రద్దయిన సర్టిఫికెట్ల లిస్టు) తప్పనిసరి చేసింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే ఉచిత సీఏ 2025 ఆగస్టు 6న రెస్పాండర్లు పూర్తిగా ఆపేసింది. ఎవరు ఏ సైట్ చూస్తున్నారో సీఏకి తెలిసిపోతుంది అన్న ప్రైవసీ గొడవ ఎలాగూ ఉంది. సీఆర్ఎల్ పెట్టుకుని హాయిగా పడుకోండి.

---

ఏఎస్ఎన్_అక్క:

పైన శవం అన్నవారికి, మీరు చెప్పినవన్నీ పబ్లిక్ వెబ్ సంగతులు, నిజమే. డాక్యుమెంట్ సంతకాల వైపు రండి ఒకసారి. పీడీఎఫ్ మీద డిజిటల్ సంతకం పెట్టి, ఆ రోజు సర్టిఫికెట్ రివోక్ కాలేదని రుజువుగా ఓసీఎస్పీ రెస్పాన్స్‌ని ఆ ఫైల్లోనే దాచిపెడతారు, ఎప్పుడో కోర్టులో పేచీ వస్తే చూపించుకోవడానికి. 6960లో ఆర్కైవ్ కటాఫ్ అని ఒక ఎక్స్‌టెన్షన్ ఉంది, గడువు తీరిన సర్టిఫికెట్ల సమాచారం కూడా ఎంత వెనక వరకు మా దగ్గర ఉందో చెప్పేది, అందులో ఇచ్చిన ఉదాహరణ ఏడేళ్ళది. టెండర్ల కోసం డీఎస్సీ (డిజిటల్ సంతకం సర్టిఫికెట్) టోకెన్ యూఎస్‌బీకి గుచ్చే ప్రతి కాంట్రాక్టరుకీ ఇది ఎక్కడో ఒకచోట తగులుతుంది, ఆయనకి తెలియదంతే.

గోదారి గారూ, మీ పెద్దక్షరాల ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెప్తా. ఆర్ఎఫ్‌సీ 2119 లో (1997) మస్ట్, షుడ్, మే (ఇష్టమైతే చేయొచ్చు) అనే మాటలకి అర్థాలు కట్టారు, కానీ చిన్నక్షరాల్లో రాస్తే లెక్కలోకి వస్తుందా రాదా అని ఏళ్ళ తరబడి కొట్టుకున్నాక 2017లో 8174 వచ్చి పెద్దక్షరాల్లో ఉంటేనే ఆ అర్థం అని తేల్చింది. కాబట్టి ముందు మీ డాక్యుమెంట్ మొదట్లో ఏది కోట్ చేశారో చూడండి. రెండోది, చిన్న మస్ట్‌ని పెద్దది చేయడం భాషాశుద్ధి కాదండి, కొత్త రూలు పెట్టడం. ఆర్ఎఫ్‌సీ తప్పులు రిపోర్ట్ చేసే దగ్గర ఎడిటోరియల్, టెక్నికల్ అని రెండు రకాలు ఉంటాయి, అది టెక్నికల్ కిందికి వస్తుంది. నేనైతే ఒక్కో మస్ట్‌కి ఒక్కో కమిట్ (విడిగా నమోదయ్యే మార్పు) పెడతా, పక్కన "దీనివల్ల ఎవరి కోడ్ మారాలి" అని ఒక లైన్ రాస్తా. ఎవరిదీ మారక్కర్లేకపోతే అప్పుడు అది అక్షరాల పనే. స్పేస్‌లు, కామాలు ఇంకో కమిట్‌లో పెట్టండి, రెండూ కలిపితే రివ్యూ చేసేవాడు కామాలు చూసుకుంటూ మస్ట్ వదిలేస్తాడు.

ఇంకోటి, మీ డాక్యుమెంట్‌లో ఎర్రర్ల సెక్షన్ ఉందా? చాలామంది పట్టించుకోరు. సక్సెస్‌ఫుల్ అయిన జవాబుకే సంతకం ఉంటుంది, ఎర్రర్లకి ఉండదు. ట్రైలేటర్ ("తర్వాత అడుగు" అనే ఎర్రర్) అంటే స్టేటస్ 3, మొత్తం రెస్పాన్స్ ఐదే బైట్లు: 30 03 0ఏ 01 03. మధ్యలో కూర్చున్నవాడు రివోక్డ్ అని వచ్చే జవాబుని మింగేసి ఈ ఐదు బైట్లు పంపితే క్లయింట్ "సరే తర్వాత చూద్దాం" అని కనెక్షన్ ఇచ్చేస్తే అయిపోయినట్టే. 2009లో మాక్సీ మార్లిన్‌స్పైక్ అనే సెక్యూరిటీ పరిశోధకుడు ఇదే చూపించాడు, ఒక్క 3 అంకెతో ఓసీఎస్పీ మొత్తాన్ని పడుకోబెట్టొచ్చని. అందువల్ల "ట్రైలేటర్ వస్తే క్లయింట్ ఏం చేయాలి" అన్నది మీ ప్రొఫైల్‌లో ఖాళీగా ఉంటే, గుడ్ ఏంటి వ్యాలిడ్ ఏంటి అన్న చర్చకే అర్థం లేదు. పైన సోమవారం కథలో జరిగింది కూడా ఇంచుమించు అదే, కాకపోతే అక్కడ దొంగ అక్కర్లేకపోయింది.

---

గోదారి_గట్టు:

బాబోయ్. అందరికీ థాంక్స్ అండి, రాత్రి కూర్చుని మొత్తం మళ్ళీ చదివా. అక్క చెప్పినట్టు ఎర్రర్ల సెక్షన్ వెతికితే మా దాంట్లో ఒకటే లైన్ ఉంది, "క్లయింట్ తగిన విధంగా వ్యవహరించాలి" అని. తగిన విధంగా అంట! అది ఓపెన్ ఇష్యూగా పెట్టి అన్ని సంస్థలకీ పంపించా, మీ క్లయింట్ ఇప్పుడు ఏం చేస్తోంది అని. ముగ్గురు జవాబిచ్చారు, మూడూ వేరువేరు.

నాన్స్‌ని షుడ్‌గానే కాదు, మే కి దించేసి నెక్స్ట్‌అప్‌డేట్‌ని మస్ట్ చేయాలనుకుంటున్నా, ఆప్స్ అన్న చెప్పిన 5019 దారిలో. ఇది కూడా ఆప్స్ వాళ్ళకి ముందే చూపించా, భయం వేసి.

గుడ్‌కి ఇలా రాశా, చూసి తిట్టండి: "గుడ్ అంటే, రెస్పాన్స్ మీద సంతకం చేసిన సమయానికి, అడిగిన సీరియల్ నంబరుతో గడువులో ఉన్న సర్టిఫికెట్ ఏదీ రివోక్ కాలేదని మాత్రమే. సర్టిఫికెట్ జారీ అయిందని గానీ, చెల్లుతుందని గానీ దీన్నిబట్టి అనుకోకూడదు. ఈ ప్రొఫైల్ పాటించే రెస్పాండర్ తాను జారీ చేయని సీరియల్‌కి గుడ్ అని చెప్పకూడదు."

---

పాత_సీరియల్:

బాగానే ఉంది గానీ "సంతకం చేసిన సమయానికి" తీసెయ్. సంతకం ఎప్పుడు చేశారో చెప్పేది ప్రొడ్యూస్డ్‌యాట్. స్టేటస్ ఏ సమయానికి నిజమో చెప్పేది దిస్‌అప్‌డేట్. రాత్రి 2కి సంతకం చేసినా సీఆర్ఎల్ సాయంత్రం 6ది అయితే, మధ్య ఎనిమిది గంటల్లో రివోక్ అయినవాటి సంగతి నీ వాక్యంలో అబద్ధం అయిపోతుంది.

ఇంకోటి, చివరి వాక్యం రూలు, మొదటి రెండూ అర్థం. రూలుని రెస్పాండర్ సెక్షన్‌లోకి తీసుకెళ్ళు, డెఫినిషన్‌లో దాచిపెడితే టెస్ట్ రాసేవాడికి కనపడదు.

---

నైట్‌షిఫ్ట్_ఆప్స్:

జారీ చేయని సీరియల్‌కు గుడ్ చెప్పొద్దు అంటే రెస్పాండర్‌కు జారీ లిస్ట్ గూడ రావాలె, సీఆర్ఎల్ ఒక్కటి సరిపోదు. మీ పన్నెండు సంస్థలల్ల ఎంతమంది రెస్పాండర్ సీఆర్ఎల్ మింగి జవాబు చెప్తదో అడిగినవా?

---

గోదారి_గట్టు:

అడగలేదు. అడుగుతా. ఐదుగురన్నా ఉంటారనిపిస్తోంది, అంటే ఆ ఒక్క వాక్యానికి ఇంకో మూడు నెలలు.

దిస్‌అప్‌డేట్ మార్చేశా. వ్యాలిడ్‌లు 37 చోట్లా వెనక్కి తిప్పేశా. కమిట్ చేశాక 38వది దొరికింది, టేబుల్ హెడ్డింగ్‌లో.